జపానువారి ‘సన్’, మన ‘గారు’

(సంఘము వారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన కార్యదర్శిగారు పదిదినముల క్రిందట నన్ను పట్టుకొని, “మీరు జపాను దేశమున పది మాసములుండి వచ్చితిరి గదా, అక్కడి విశేషములేవైన నాలుగు మాటలు చెప్పు”డని కోరిరి. వేగముగ పోవు రైళ్ళను, వసంతకాలపు పూలచెట్లను మీరందరును చిత్రములలో చూచియే యుందురు. వానిని గూర్చి నేను క్రొత్తగా చెప్పగలిగినది లేదు. నాకు జపాను భాషలో పాండిత్యమును లేదు. అక్కడ నేను నేర్చినదానికంటె తప్పుగా పలికి దిద్దించుకొన్నదే యెక్కువ. ఆ దిద్దుబాటులలో ఒకటి మాత్రము నా మనస్సున నిలిచిపోయినది. అది యెదుటి మనిషిని పిలుచునపుడు పేరు చివర ఏమి చేర్చవలెను, ఎప్పుడు చేర్చరాదు అను విషయము. వినుటకు ఇది అతి స్వల్పముగ తోచును. నాకును మొదట అట్లే తోచినది.

2014 ఏప్రిలు మాసమున మా శాఖవారు నన్ను శిక్షణ నిమిత్తము యోకోహామా నగరమునకు పంపిరి. దానికి మూడు మాసములకు ముందు, జనవరిలో, మా తండ్రిగారు స్వర్గస్థులైరి. ఈ మాట యిక్కడ ఎందుకు చెప్పుచున్నానో ముందు ముందు మీకే తెలియును.

జపాను భాషలో మన ‘గారు’కు మిక్కిలి దగ్గరి మాట ‘సన్’. మనము దీనిని ‘సాన్’ అని దీర్ఘము తీసి పలుకుచుందుము గాని వారు హ్రస్వముగనే పలుకుదురు. ‘సమ’ అను పెద్దమాట వాడుకలో అరిగి ‘సన్’ అయినది. అరుగని ఆ ‘సమ’ నేటికిని ఉత్తరముల పైవిలాసములందును, అంగడివారు కొనవచ్చినవారిని పిలుచు పిలుపునందును, దేవతల పేర్ల తుదను నిలిచియున్నది. మన చెవికి ‘సమ’ యనగా తుల్యమని వినబడును. వారికి మాత్రము అది యెదుటివారిని నాలుగు మెట్లు పైకెక్కించు మాట. ఆకాశమున చంద్రునికి సైతము ఈ మర్యాద దక్కినది. మనము చంద్రుని మామను చేసికొంటిమి. వారు ‘ఒత్సుకిసమ’ యని చంద్రులవారిని చేసిరి. అయితే ‘ఫుజిసన్’ అనునపుడు తుదనున్న ‘సన్’ వేరు. దానికి కొండ యని యర్థము. మా జట్టులోని మిత్రుడొకడు ఈ భేద మెరుగక, జపానువారు పర్వతమునకు కూడ గారు తగిలించినారని ఇంటికి ఫోనుచేసి మురిసిపోయినాడు.

చిన్నపిల్లలకు ‘చన్’ చేర్చి పిలుతురు. మన ‘చిట్టి’, ‘బుజ్జి’ వంటి ముద్దు అందున్నది. బాలురకును, చేతిక్రింది పడుచువారికిని ‘కున్’ అందురు. ఈ ‘కున్’ వ్రాయు అక్షరమునకు ప్రభువని యర్థమట. ప్రభువను మాట వాడుకలో క్రిందికి దిగి దిగి చేతిక్రిందివానికి చేరినది. కాని ఆ దేశపు పార్లమెంటులో సభాపతి సభ్యుల నందరిని, వృద్ధులైనను, మంత్రులైనను, స్త్రీలైనను, పేరు చివర ‘కున్’ చేర్చియే పిలుచుట ఆచారము. 1993లో దొయి తకకొ అను విదుషీమణి ప్రతినిధుల సభకు తొలి మహిళా సభాపతియై, ‘కున్’ను విడిచి ‘సన్’ అని పిలిచినారు. 1996లో ఆమె పదవినుండి తొలగిన వెనుక సభ మరల ‘కున్’కే మరలినది. పద్ధతియందు పాతుకొన్న ఒక చిన్న మాటను కదల్చుట సభాపతికిని ఎంత కష్టమో చూడుడు.

ఉపాధ్యాయులు, వైద్యులు, న్యాయవాదులు, గ్రంథకర్తలు, శాసనసభ్యులు వీరికి ‘సెన్సే’ యని పేరు. ముందు పుట్టినవారని దాని యక్షరార్థము. మా యూరిలో ‘మాష్టారూ’ యని పిలిచినచో పేరును అక్కరలేదు, గారును అక్కరలేదు. ఆ యొక్క మాటలోనే అంతయు ఇమిడియుండును. సెన్సేయును అట్టిదే. కార్యాలయములలో పదవి పేరే గౌరవవాచకమై నిలుచును. విభాగాధికారిని ‘కచో’ అందురు. తనక అను నాయన విభాగాధికారి యైనచో ‘తనక కచో’ అనిన చాలును, దానిపై ‘సన్’ అక్కరలేదు.

ఈ తుదిమాటలు పెద్దవారి విషయమున చాలవరకు ఇంటిపేరునకే చేరును. వారును మనవలెనే ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక వ్రాసికొందురు. పాశ్చాత్యులకొఱకు రోమను లిపిలో చాలకాలము తలక్రిందులుగా వ్రాసి, 2020 జనవరి 1వ తేదీనుండి తమ ప్రభుత్వ పత్రములలో ఇంటిపేరునే మరల ముందుకు తెచ్చుకొన్నారు. మా తెలుగువారి గతి వేరు. మా ఇంటిపేరులు పొడి అక్షరములై ముడుచుకొనిపోగా, పాస్‌పోర్టులలో చివరనున్న మాటయే ఇంటిపేరుగ లెక్కకు వచ్చినది. మా జట్టులో ముగ్గురము తెలుగువారము, అం దిద్దరము రావులము. “రావుసన్” అని యెవరు పిలిచినను రెండు తలలు లేచెడివి. అసలు ‘రావు’ అనునదే రాజు అను గౌరవవాచకము. దానికి మరియొక గౌరవము తగిలి మేమిద్దరమును ఊరక గొప్పవారమైతిమి.

అక్కడ పేరు చివర ఏమియు లేక పిలుచుటను ‘యొబిసుతె’ అందురు. పిలిచి పారవేయుట యని దాని భావము. ఇంటిలోనివారు, దగ్గరి స్నేహితులు వంటివారు దప్ప తక్కినవారి నట్లు పిలుచుట పెద్ద అమర్యాద. మేము పనిచేసిన కార్యాలయమున గదులు తుడుచుటకు వచ్చు ముదుసలిని విభాగాధికారి ప్రతిదినము ఆమె ఇంటిపేరు చివర ‘సన్’ చేర్చి పలుకరించెడివారు. మొదటి వారమున నేను దీనిని వేడుకగ చూచితిని. రెండవ వారమున నాకు ఢిల్లీలోని మా విభాగము జ్ఞాపకమునకు వచ్చినది. బంట్రోతు అను మాట పోయి ‘మల్టీ టాస్కింగ్ స్టాఫ్’ అను పెద్దపేరు వచ్చినదే గాని, మా గదిలో కాగితములు మోయు ఆ పెద్దమనిషిని, నాకంటె పదునైదేండ్లు పెద్దవానిని, నేను ఆరేండ్లపాటు ఒట్టిపేరు పెట్టి, హిందీలో ‘తుమ్’ అని పిలిచితిని. ఆయన ఇంటిపేరేమో నాకు తెలియదని యోకోహామాలో తెలిసినది. తిరిగివచ్చిన వెనుక అడిగి తెలిసికొంటిని. ‘జీ’ చేర్చి పిలిచిన మొదటి దినమున ఆయన ఏదో పెద్దపని పైబడనున్నదని భయపడినాడు.

ఉత్తరముల సంగతి ఒక్కటి చెప్పి ముందుకు పోవుదును. మన పెద్దలు ‘మహారాజరాజశ్రీ’ యని మొదలిడి ‘గారి దివ్యసముఖమునకు’ అని వ్రాయుచుండిరి. జపానువారు పేరు చివర ‘సమ’ యనియు, సంస్థకైనచో ‘ఒన్చూ’ యనియు వ్రాయుదురు. పెండ్లిపిలుపులతో జవాబు కార్డు ఒకటి జతపరచి పంపుట వారి యాచారము. ఆ కార్డుపై పంపినవారు తమ పేరును తామే వ్రాసికొనవలసివచ్చును గనుక, తమకు తాము ‘సమ’ చేర్చుకొనక, ‘ఫలానావారికి చేరునది’ యను అర్థముగల చిన్న అక్షరము మాత్రము వ్రాసి విడుతురు. జవాబిచ్చువారు ఆ యక్షరమును గీతతో కొట్టివేసి, ప్రక్కన తమ చేతితో ‘సమ’ యని వ్రాసి పంపవలెను. తన గౌరవమును తాను వ్రాసికొనరాదు, ఎదుటివారు వ్రాయవలెను. ఈ కార్డును మొదట చూచినపుడు నాకు నవ్వు వచ్చినది. దీనిని మీరు కొంచెము గుర్తుంచుకొనుడు.

ఇక ‘మీరు’ అను మాట. మనకు నువ్వు, నీవు, మీరు, తమరు అని మెట్లున్నవి. నేను జపాను భాషలో ‘మీరు’ ఏదియని వెదకి ‘అనత’ అను మాటను పట్టుకొని పెద్దవారందరిపైనను ప్రయోగించితిని. అందరును చిరునవ్వుతో విని యూరకుండిరి. తరువాత తెలిసినది: పెద్దవారితో ‘అనత’ యనరాదు. ‘తనక సన్ కాఫీ పుచ్చుకొందురా?’ అని తనకగారినే యెదుట పెట్టుకొని అడుగవలెను. లేదా పదవి పేరు చెప్పవలెను. లేదా ఏ మాటయు లేక క్రియతోనే సరిపెట్టవలెను. ఇల్లాలు భర్తను ‘అనత’ యని పిలుచుట మాత్రము కలదు. మన ‘ఏమండీ’ వంటిది. అనగా నేను మూడు వారములపాటు మా విభాగాధికారిని ఎట్లు సంబోధించితినో మీరే ఊహించుకొనుడు.

బంధువాచకములందు దీర్ఘము ప్రాణము. ‘ఒబసన్’ అనిన పిన్ని, ‘ఒబాసన్’ అనిన అవ్వ. హ్రస్వదీర్ఘ భేదము మాతృభాషలో నున్న మనకు ఇది కష్టము గాదు. ఇతర దేశముల శిక్షణార్థులు తడబడుచుండగా నేను గర్వపడితిని. ఆ గర్వముతోనే పండ్ల దుకాణమున నలుబది యేండ్ల యామెను పిలువబోయి, మన సంబోధనల దీర్ఘపు అలవాటు చొప్పున సాగదీసి, అవ్వను చేసితిని. ఆ దినమున ఆమె నాకు మెత్తబడిన పండ్లే తూచినది. హ్రస్వముగ పలికినను ఆ మాట చాలమంది స్త్రీలకు రుచింపదని, ‘క్షమింపుడు’ అను అర్థముగల ‘సుమిమసెన్’ అనుటయే మేలనియు మా గురువమ్మగారు తరువాత చెప్పిరి.

ఆ గురువమ్మగారు ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయిని. నగరములోని పౌరకేంద్రమున శనివారములందు విదేశీయులకు ఉచితముగ భాష నేర్పుచుండిరి. క్రియలలోని మర్యాదను ఆమె పలకపై మూడు వరుసలుగ వ్రాసి చూపినపుడు తరగతిలో అందరును తలలు పట్టుకొన్నారు. నాకు మాత్రము ఇది ఎక్కడనో విన్నట్లు తోచినది. పోవుట, వచ్చుట, ఉండుట మూడింటికిని గౌరవార్థమున ‘ఇరష్షరు’ అను ఒకే క్రియ. మన ‘దయచేయు’ అనునది అట్టిదే గదా! ఇంటికి వచ్చినవారిని ‘దయచేయుడు’ అందుము, పొమ్మనుటకును ‘దయచేయుడు’ అందుము. వారు ‘తినుట’కు ‘మెషిఅగరు’ అందురు, మనకు ‘ఆరగించుట’ యున్నది. వారు ‘చెప్పుట’కు ‘ఒష్షరు’ అందురు, మనకు ‘సెలవిచ్చుట’ యున్నది. పెద్దవారు చెప్పినచో సెలవిచ్చుట, నేను చెప్పినచో మనవి చేయుట. ఈ రెండవదానికి వారి మాట ‘మోసు’. నేను లేచి ఈ తెలుగు మాటలు చెప్పి వివరింపగా ఆమె ఎంతో సంతోషించి, తమ పుస్తకములో వ్రాసికొనిరి. మన దేశమున ఈ క్రియలు ఇపుడు పౌరాణిక నాటకములలోను, వెటకారములోను మాత్రమే మిగిలినవని ఆమెతో నేను చెప్పలేదు. ఇంటిలో అలుక పుట్టినపుడు ‘తమరు సెలవియ్యండి’ అను పలుకు మనమందరము వినినదే. జపానులోను ఇంతే. స్నేహితుడు ఉన్నట్లుండి మర్యాదక్రియలలోనికి దిగినచో కోపము వచ్చినదని తెలిసికొనవలెను.

ఇంతవరకు నాకు వారి భాష మన భాషకు చుట్టమువలె నుండినది. చిక్కు అంతయు దీని తరువాత వచ్చినది.

ఒకనాడు కార్యాలయమున టెలిఫోను మ్రోగినది. బయటి సంస్థవారెవరో తనక కచోతో మాట్లాడవలెననిరి. ఆయన గదిలో లేరు. ఉద్యోగమున చేరి యేడాదియైనను కాని యువకుడొకడు ఫోను తీసి, “తనక యిపుడు స్థానమున లేడు” అని జవాబు చెప్పినాడు. ‘సన్’ లేదు, ‘కచో’ లేదు. క్రియ సైతము వినయక్రియ. తన పైయధికారిని, ఐదు నిమిషముల క్రిందట నిలువున వంగి మ్రొక్కిన యధికారిని, పరాయివారి యెదుట ఒట్టి తనకను చేసినాడు! మనమైనచో ‘డైరెక్టరుగారు సీటులో లేరండీ’ అందుము. అధికారి లేనపుడు గారును ఒక పాలు హెచ్చుగనే యుందుము. నేను నివ్వెరపోయి చుట్టును చూచితిని. ఎవరును తల యెత్తలేదు.

కొంతసేపటికి మరల ఫోను మ్రోగినది. ఈ తడవ తనకగారి భార్య. అదే యువకుడు, అదే కుర్చీ. ఇపుడు మాత్రము “కచోగారు బయటికి దయచేసియున్నారు” అను ధోరణిలో పూర్తి మర్యాదతో పలికినాడు.

ఇందలి కీలకమును గురువమ్మగారు తరువాత విప్పిచెప్పిరి. మన భాషలో గౌరవము మనిషిని అంటిపెట్టుకొని యుండును. తండ్రి తండ్రియే, ఆయనను గూర్చి యింటిలో మాటలాడినను, వీథిలో మాటలాడినను, రాష్ట్రపతి యెదుట మాటలాడినను ‘నాన్నగారు’ అనియే యందుము. కొరియా వారిదియు చాలవరకు ఇదే పద్ధతి యట. జపాను భాషలో అట్లుగాదు. వారికి ‘ఉచి’ యనియు ‘సొతొ’ యనియు రెండున్నవి, లోపల, వెలుపల. ఈ గీత ఒక్కచోట నిలువదు, వినువారిని బట్టి జరుగుచుండును. బయటి సంస్థవారు వినుచున్నపుడు తనక కచో ఆ యువకునికి లోపలివాడు. తనవాడు గనుక తనతోపాటు తగ్గవలెను. భార్య వినుచున్నపుడు తనక ఆమెకు లోపలివాడు, యువకునికి వెలుపలివాడు, గనుక హెచ్చవలెను. మనిషి ఒక్కడే, గీత జరిగినది. తన భార్యను గూర్చి చెప్పునపుడు ‘కనై’ అందురు, ఇంటిలోపలిది యని యర్థము. మన ‘ఇంటావిడ’కు అక్షరాల సరిపోవును. పరుల భార్యయైనచో ‘ఒకుసన్’.

ఇదంతయు బుద్ధికి తెలిసినది. నాలుక దానికి ఒప్పుకొనలేదు.

ఆ తరువాతి శనివారము మమ్ములను మా కుటుంబమును గూర్చి చెప్పుడనిరి. పుస్తకములో తండ్రికి రెండు మాటలున్నవి. ఒకటి ‘చిచి’, రెండవది ‘ఒతోసన్’. రెండవదానిలో ‘సన్’ కనబడుచున్నది గనుక అదియే నాకు కావలసినదని తోచి, ఇంకొక మెట్టు పైకి పోయి “మా ఒతోసమ పాఠశాలలో సెన్సేగ వేంచేసియుండిరి” అని గంభీరముగ చెప్పితిని. గురువమ్మగారు ఎంతో మృదువుగ దిద్దిరి. తన తండ్రిని గూర్చి పరులతో చెప్పునపుడు ‘చిచి’ యనవలెను. తనవాడైనచో ‘సెన్సే’యును గాదు, ‘క్యోషి’ యనవలెను, ఉపాధ్యాయవృత్తివాడని మాత్రమే. క్రియయును సామాన్యముగ నుండవలెను.

మా తండ్రిగారు ముప్పదియైదేండ్లు ఒకే తాలూకాలో బడిపంతులుగ పనిచేసినవారు. ఆ యూళ్ళలో ఆయన పేరు ఒట్టిగ పలికినవారిని నే నెరుగను. పొలమునకు పోవు పాలేర్లు మొదలు తాసిల్దారువరకు అందరికిని ఆయన మాష్టారుగారే. ఆయన చనిపోయి అప్పటి కింకను ఆరు మాసములైనను కాలేదు. సముద్రములు దాటివచ్చి, ఎవరో యెరుగని నలుగురి యెదుట, ఆయన గారును, ఆయన మాష్టరీని కన్నకొడుకునైన నేను ఊడ్చివేయవలెనా? మన వైపు కొన్ని జిల్లాలలో తండ్రిని ‘నువ్వు’ అని పిలుచు ఇండ్లున్నవి. అది చనువేగాని లోపము గాదని నే నెరుగుదును. మా యింటి యలవాటు అదిగాదు. నేను ఆ దినమున ఆ వాక్యమును చెప్పలేదు. “రాదు” అని కూర్చుంటిని. గురువమ్మగారు బలవంతపెట్టలేదు. పలకపై ఒక సున్న గీచి, దానిలో నా పేరు వ్రాసి, నా పేరు ప్రక్కనే, సున్న లోపల, ‘చిచి’ యని వ్రాసి, తుడువక వదలివేసిరి.

ఈ కేగొను, అనగా మర్యాదభాషను, జపానువారందరును ఆనందముతో మోయుచున్నారని మీరు తలచవలదు. ఉద్యోగములలో క్రొత్తగ చేరినవారికి దీనినే ప్రత్యేకముగ శిక్షణ యిత్తురు, పుస్తకములు కట్టలుగ అమ్ముడుపోవును, తప్పు పలుకుదుమేమో యను భయము యువకులకు ఎల్లప్పుడు నుండును. యుద్ధానంతరము, 1952లో, అక్కడి జాతీయభాషా మండలి ‘ఇకమీదటి కేగొ’ అను ప్రకటనలో, పాతకాలపు అంతస్తులను బట్టి గాక, మనుష్యులు ఒకరినొకరు గౌరవించుటయే మర్యాదకు ఆధారము కావలెననియు, ‘సన్’ను సామాన్యపు తుదిమాటగ గ్రహింపవలెననియు సూచించినది. ‘అనత’ను సామాన్యముగ వాడుకొనవచ్చుననియు అందు వ్రాసిరి గాని ఆ మాట జనులకు పట్టలేదు. 2007లో సాంస్కృతిక వ్యవహారముల మండలి, మూడు తెగలుగ చెప్పబడుచుండిన కేగొను ఐదు తెగలుగ విభజించినది. సులభము చేయుదురనుకొన్నవారికి లెక్క పెరిగినది. మండళ్ళ సంగతి ఎక్కడనైన నింతే గాబోలు. మండళ్ళతో పనిలేకయే జరిగిన మార్పులును కలవు. పలు పాఠశాలలలో మగపిల్లలను ‘కున్’, ఆడపిల్లలను ‘సన్’ అను భేదము విడిచి అందరిని ‘సన్’ అనియే పిలుచుచున్నారు. కొన్ని సంస్థలలో కచో, బుచో అను పదవుల పిలుపులు మానుకొని పై వారిని క్రింది వారిని ఒక్క ‘సన్’తోనే పిలుచుకొనుచున్నారు.

నా మట్టుకు నాకు ఆ లోపల వెలుపల గీత ఇప్పటికిని పూర్తిగ నచ్చినదని చెప్పలేను. గీత యున్నచోట వెలుపల నిలిచిపోవువారును ఉందురు. అక్కడ ఏండ్ల తరబడి కాపురమున్న విదేశీయులు ఈ మాటనే చెప్పగా వింటిని. ఎంత చక్కగ పలికినను ‘ఎంత బాగుగ మాటలాడుచున్నారు!’ అని మెచ్చుకొనుటయే గాని, లోపలికి రమ్మనువారు అరుదట.

2015 జనవరిలో మా తండ్రిగారి సంవత్సరీకము వచ్చినది. మా అన్నగారు స్వగ్రామమున ఆబ్దికము పెట్టుచుండిరి. నేను యోకోహామాలో ఆ యుదయము స్నానముచేసి, ఉపవాసముండి, గదిలోనే కూర్చుంటిని. మా వసతిగృహమునకు డెబ్బదియేండ్ల పెద్దమనిషి యొకరు కాపరి. ఆయనను అందరును పనిపేరునకే ‘సన్’ చేర్చి ‘కన్రినిన్ సన్’ అందురు. నేను రెండు పూటలును భోజనశాలకు రాకుండుట చూచి, జ్వరమేమో యని తలచి, సాయంకాలము తలుపు తట్టిరి. నాకు వచ్చిన కొలది మాటలలో చెప్పవలసి వచ్చినది. ఆలోచించుకొనుటకు వ్యవధి లేకపోయినది. “ఈ దినము చిచి పోయిన తిథి” అంటిని. చిచి యనియే నోట వచ్చినది.

ఆయన చేతిలోని చీపురును గోడకు చేర్చి, రెండు చేతులు ప్రక్కలకు చాచి నిలిచి, తల వంచిరి. “ఒతోసమకు వయస్సెంత?” అని యడిగిరి.

నేను తీసివేసినదానిని ఆయన తెచ్చి పెట్టినారు. నేను ఒట్టి తండ్రి యనగా ఆయన తండ్రిగారు అనిరి. ఏమి చేయుచుండెడివారని యడిగినచో, ‘క్యోషి’ యంటిని. “ఓహో, సెన్సేగారా!” అని ఆయన మరల తల వంచిరి. పెండ్లిపిలుపుతో వచ్చిన జవాబు కార్డు నాకు అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. అర్ధగంట గడచిన పిమ్మట ఆయన మరల వచ్చి, కాగితపు సంచిలో ఐదు కమలాపండ్లు తెచ్చి, “ఒతోసమ యెదుట పెట్టుడు” అని యిచ్చి పోయిరి. నాయొద్ద పటము లేదు. మొబైలు ఫోనులోని చిత్రమును తెరచి, బల్లపై నిలువబెట్టి, ఆ పండ్లను దాని యెదుట నుంచితిని.

తరువాతి శనివారము గురువమ్మగారు అడుగకుండగనే లేచి ఆ వాక్యమును చెప్పితిని. చిచి, క్యోషి, సామాన్యక్రియ. ఆమె ఏమియు మెచ్చుకొనలేదు. “ఒతోసమ ఏ పాఠము బోధించెడివారు?” అని మాత్రము అడిగిరి. లెక్కలంటిని.

ఫిబ్రవరిలో తిరిగివచ్చి ముందుగ స్వగ్రామమునకు పోయితిని. ఆ రాత్రి మా అమ్మగారి మంచము ప్రక్కన కూర్చుండి పండ్ల సంగతి అంతయు చెప్పితిని. ఆమె ఊకొట్టుచు విని, చివరకు, “ఇంతకీ నాన్నగారిని ఏమని పిలిచారన్నావు?” అని యడిగిరి.

“ఒతోసమ అన్నాడమ్మా. అంటే తండ్రిగారు అని. పంతులుగారని తెలిశాక సెన్సే అని కూడా అన్నాడు” అంటిని.

ఆమె కొంతసేపు ఊరకుండిరి. తరువాత, “అన్నాడేమిట్రా? నాన్నగారిని అంత మర్యాదగా పలికిన మనిషిని పట్టుకుని అన్నాడంటావా? అన్నారు అను” అనిరి.

“అన్నారమ్మా” అంటిని.